నిర్మలమ్మకు వచ్చిన రోగాలు

నిర్మలమ్మ చనిపోయిందని పరామర్శకు వచ్చిన మనిషికి తలుపు తీసింది నిర్మలమ్మే.

వచ్చినాయన పేరు జియావుల్లా. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు గేటు బయట క్యాంటీన్ నడుపుతాడు. నిర్మలమ్మ కొడుకు ఎడ్విన్ ఆ ప్లాంటులోనే ఒక కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్. జియావుల్లా ఆ పొద్దు ఎవరిదో నిఖా ఉండి జమ్మలమడుగుకు వచ్చి, పనిలో పనిగా ఎడ్విన్‌ను పలకరించి పోదామని ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. చేతిలో అరటిపండ్ల కవరు ఉంది.

"ఎడ్విన్ లేడామ్మా? ప్లాంటు కాడ క్యాంటీన్ జియావుల్లాను."

"ప్రొద్దుటూర్లో కదప్పా ఉండేది. డ్యూటీకి ఆన్నుంచే వస్తాడు మీ దిక్కు."

"డ్యూటీకా?" జియావుల్లా చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "నెల దాటిందమ్మా ప్లాంటుకు రాక. వాళ్ళమ్మ పోయినప్పట్నుంచీ రాలా. శానా దిగులు పడినాడు పాపం. మీరు ఆయమ్మకు చెల్లెలైతారా? అవే పోలికలుండాయి."

నిర్మలమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి హెడ్ సిస్టరుగా రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా ముఖం మారకుండా వినడం ఆ ఉద్యోగంలోనే అబ్బింది.

"కూర్చో అప్పా. టీ తాగుదువు" అంది.

టీ కాగేలోపు సంగతంతా తెలిసింది. నిర్మలమ్మకు ఛాతీలో నొప్పొచ్చింది. కర్నూలుకు తీసుకుపోతుంటే దోవలోనే ప్రాణం పోయింది.

"ఎడమ చెయ్యి లాగిందన్న్యాడా?" అని అడిగింది నిర్మలమ్మ.

"అదేం చెప్పలేదమ్మా."

"చెమట్లు పట్టినాయంటనా?"

"ఏమో, నేనడగలా."

లక్షణాలు కూడా సరిగ్గా చెప్పకుండానే చంపేశాడన్నమాట, అనుకుంది.

"పెట్టెకు, గుంతకు, అన్నాలకు దుడ్లు లేవని ఏడ్సినాడమ్మా. నా చేతిలో ఉండేది ఇచ్చినా. క్యాంటీన్లో తినేటోళ్ళు కూడా తలా ఇంత ఏసినారు. ఇప్పుడు అడగడానికి రాలేదులే. మనిషిని చూసి పోదామని వచ్చినా, అంతే."

నిర్మలమ్మ టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. "జియావుల్లా, ఆయమ్మకు చెల్లెండ్లు ఎవురూ లేరప్పా. నేనే నిర్మలమ్మ."

జియావుల్లా గ్లాసు కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూశాడు, గోడ మీద ఫోటోలకేసి చూశాడు, మళ్ళీ ఆమె ముఖంలోకి చూశాడు. ఇలాంటప్పుడు ఏమనాలో ఎవరూ నేర్పి ఉండరు. లేచి, "అరటిపండ్లు మాత్రం తీసుకోండమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

కొడుకు ఆడతాడని ఆమెకు తెలియని సంగతేం కాదు. మొదట ఫోన్లో పేకాట, తర్వాత క్రికెట్ మీద పందేలు. మొదటిసారి అప్పులవాళ్ళు ఇంటిమీదికి వచ్చినప్పుడు ఖాజీపేట దగ్గర తన అమ్మ ఇచ్చిన చేను అమ్మి తీర్చింది. రెండోసారి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో తీర్చింది. అప్పుడు ఎడ్విన్ బైబిల్ మీద చెయ్యేసి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. తర్వాత ఆ యాప్‌లు మూసేశారని టీవీలో చెప్పారు. అవి మూతపడ్డాయి, వేరేవి తెరుచుకున్నాయి. కోడలు సుజాత కూతుర్ని తీసుకుని పులివెందులలో పుట్టింటికి పోయింది. అక్కడే ఒక స్కూల్లో టీచరుగా చేరింది. ఎడ్విన్ మాత్రం మానేశానని చెబుతూ ప్రొద్దుటూర్లో గది తీసుకుని ఉంటున్నాడు. మానేశాడనే నిర్మలమ్మ నమ్మింది. నమ్మకపోతే ఏం చెయ్యాలో తెలియదు గనుక నమ్మింది.

మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కింది. గది తలుపు దగ్గరికేసి ఉంది. లోపల ఎడ్విన్ చాప మీద పడుకుని ఉన్నాడు. పక్కన ఫోను ఛార్జింగుకు పెట్టి ఉంది. ముప్పై దాటిన మనిషి, గడ్డం పెరిగి, భుజాలు కుంగి, జ్వరం నుంచి లేచినవాడిలా ఉన్నాడు.

"మా..." అని లేచి కూర్చున్నాడు.

"నేను సచ్చిపోయినానంట కదా" అంది నిర్మలమ్మ, చెప్పులు విడుస్తూ.

ఎడ్విన్ ఫోనును ఛార్జింగు నుంచి తీసి చాప కింద పెట్టాడు.

"యాడ పూడ్చినావురా నన్ను?"

"ఆ మాట ఎవురూ అడగలా" అన్నాడు నేల చూస్తూ.

నిర్మలమ్మ గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. "ఇంగ ఎవురెవురికి ఏమేం చెప్పినావు?"

"సచ్చిపోయినావని జియావుల్లా మామకే చెప్పినా. మిగతావాళ్ళకు ఊరికే బాగలేదని."

"ఊరికే అంటే?"

"ఖాజీపేట ఫిలిప్పన్నతో నీకు గర్భసంచి ఆపరేషనని చెప్పినా."

"అది అయ్యి పదేండ్లయింది కదరా."

"అందుకే మతికొచ్చింది." గడ్డం గోక్కున్నాడు. "సుజాతోళ్ళ నాయన తిమోతి మామతో నీకు డయాలసిస్ అని చెప్పినా."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదిగా."

నిర్మలమ్మకు అంతవరకూ రాని కోపం ఇప్పుడొచ్చింది. "ఏడాదిగా నేను డయాలసిస్ మీద ఉంటే, తిమోతన్న ఒక్క తూరన్నా చూసేదానికి రాలేదేంరా?"

"నేనే వద్దన్న్యా మా. జనం వస్తే నీకు ఇన్ఫెక్షన్ అయితాదని."

"అది కరెక్టే" అంది నిర్మలమ్మ.

బయట ఎవరో బిందెలు కడుగుతున్నారు. ఆ చప్పుడు ఆగాక ఎడ్విన్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "ఈ తూరి ఒక్కటి తీర్చు మా. ఇంగ..." అన్నాడు.

"తీర్చను. రెండు తూర్లు తీర్చినా. నీ రోగానికి రెండు తూర్లు బలానికి టానిక్ పోసినట్లయింది." ఆమె గొంతు పెంచలేదు. వార్డులో కూడా ఎప్పుడూ పెంచేది కాదు. "అన్నం పెడతా. పండుకోను తావిస్తా. డాక్టరు కాడికి నీతో కూడా వస్తా. నన్ను యాడ సంపినావో, యాడ కోయించినావో ఆడికంతా నీతో కూడా వస్తా. మాట్లాడేది మాత్రం నువ్వే. గుడ్డలు సర్దుకో."

బస్టాండు దగ్గర ఒక షాపులో ఫోను అమ్మించి, బటన్ల ఫోను కొనిపించింది. బస్సులో కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి ఉచిత టికెట్టు కొట్టి, ఎడ్విన్ వైపు చెయ్యి చాపాడు. ఎడ్విన్ జేబులు తడుముకుని అమ్మ వైపు చూశాడు. బస్సు ఛార్జీ అప్పు తీర్చడం కిందికి వస్తుందా రాదా అని ఆమె కాసేపు ఆలోచించి, రాదని తేల్చుకుని ఇచ్చింది.

కడప పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఎడ్విన్ చెప్పిందంతా విని, ఇది బుద్ధి లేకపోవడం కాదని, జబ్బని, తగ్గుతుందని, తగ్గాక కూడా మళ్ళీ రావచ్చని చెప్పింది. నిద్రకూ దిగులుకూ మాత్రలు రాసింది. పదిహేను దినాలకోసారి వచ్చి మాట్లాడి పొమ్మంది. తర్వాత నిర్మలమ్మ వైపు తిరిగి, "ఇంట్లోవాళ్ళు అప్పులు తీర్చడం ఆపెయ్యాలమ్మా" అంది.

"ఆపేసినా డాక్టర్."

"ఎప్పుడు?"

"నిన్న."

డాక్టరమ్మ తల ఊపి తర్వాతి పేషెంటును పిలిచింది.

మొదట ఖాజీపేటకు పోయారు. ఫిలిప్ ఎడ్విన్‌కు పెదనాన్న కొడుకు, వ్యవసాయం చేస్తాడు. పసుపు చేలో గట్టు మీద నిలబడి ఎడ్విన్ చెప్పిందంతా విన్నాడు. "అప్పుడే నాకు కొంచెం అనుమానం వచ్చింది. కానీ గర్భసంచి అన్న్యాక, మగోన్ని, వివరాలు అడిగితే బాగుండదని ఊరుకున్న్యా" అన్నాడు. నిదానంగా ఇయ్యమని చెప్పి, పిన్నికి ఒక సంచి ఉల్లిగడ్డలు ఇచ్చి పంపాడు. అది సులువుగా అయిపోయింది.

కలమల్లలో అంత సులువు కాలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ క్యాంటీన్ నిండా మనుషులున్నారు. జియావుల్లా గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. నిర్మలమ్మను చూసి లేచి నిలబడ్డాడు, ఎడ్విన్‌ను చూసి కూర్చున్నాడు.

నిర్మలమ్మ చూపు క్యాంటీన్ పక్కన గిన్నెలు తోమే చోటు మీద పడింది. ఎండ తగలకుండా అక్కడ ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీలో ఆమే ఉంది. రిటైర్మెంటు ఫంక్షన్లో పూలదండతో తీయించుకున్న ఫోటో. పైన 'అశ్రునివాళి' అని, కింద 'మీ ఆత్మకు శాంతి కలగాలని కోరుకుంటూ, థర్మల్ ప్లాంటు కాంట్రాక్టు కార్మికులు' అని రాసి ఉంది. ఆమె దగ్గరికి పోయి చూసింది. పుట్టిన సంవత్సరం తప్పు పడింది. అయిదేళ్ళు పెద్దదాన్ని చేశారు.

"గేటు కాడ కట్టినారమ్మా పిల్లోళ్ళు" అన్నాడు జియావుల్లా వెనక నుంచి, నేరం తనదైనట్టు. "పదైదు దినాలైనాక తీసేసినాం. గట్టి గుడ్డ, పారేయబుద్ధి కాక..."

"ఉండనీలే అప్పా. నీడ బాగుంది."

ఎడ్విన్ గల్లా దగ్గరికి పోయాడు. నోరు తెరిచేసరికి జియావుల్లా ఆపాడు. "నాకొగనికి చెప్తే సరిపోదు. వీళ్ళంతా ఏసినారు. అందరికీ ఇనపడేట్టు చెప్పు."

ఎడ్విన్ రెండు బెంచీల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "మాయమ్మ సచ్చిపోలా. అదో, ఆడ ఉంది. నేను అబద్ధం చెప్పినా. మీరిచ్చిందంతా క్రికెట్ పందేల్లో పెట్టినా. ఒగ మ్యాచ్‌తోనే అయిపోయింది. పని చేసి అందరిదీ ఇస్తా."

ఎవరూ అరవలేదు. ఒకతను నవ్వాడు. చాలామంది కలిపిన అన్నం చల్లారకముందే తినసాగారు. మూలన కూర్చున్న పెద్దాయన, "మాయమ్మ నిజంగానే పోయింది, పోయిన వారం. ఒగడూ ఫ్లెక్సీ కట్టలా" అని లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. ఎడ్విన్ ముఖం అప్పుడు మారింది. అంతవరకూ ఒప్పజెప్పినట్టు చెప్పినవాడు, ఆయన వెనకే పోయి కొళాయి దగ్గర నిలబడి ఏదో అన్నాడు. ఏమన్నాడో నిర్మలమ్మకు వినపడలేదు. ఆమె అడగలేదు.

జియావుల్లా మాత్రం కోపం దిగమింగుకోలేదు. "దుడ్లు పోతే పోయినాయిరా. ఐదు పూటలా ఈయమ్మ కోసం దువా చేసినా నేను. నా పెండ్లాం కూడా చేసింది. అది యాడికి పోవాల ఇప్పుడు?"

"పోలేదప్పా" అంది నిర్మలమ్మ. "నా మోకాళ్ళు ఈమధ్య కొంచెం నయం."

కాంట్రాక్టరు ఎడ్విన్ స్థానంలో అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నాడు. జమ్మలమడుగులోనే మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని దొరికింది. వారానికోసారి కూలి. శనివారం సాయంత్రం కూలి తెచ్చి టేబుల్ మీద పెట్టేవాడు. కొంత కలమల్లకు, కొంత ఖాజీపేటకు పంపేవారు. మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ముప్పై దాటిన కొడుక్కి టీకి చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం నిర్మలమ్మకు ఇష్టంగా లేదు. తీసుకోవడం వాడికీ ఇష్టంగా లేదు. ఆ సంగతి ఇద్దరూ పైకి అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం బైకు మీద ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి ఇంటి ముందు దిగారు. ముందున్నవాడు మర్యాదగా నమస్కారం పెట్టాడు. పేరు ఉమైర్ అని, ప్రొద్దుటూరు నుంచి వచ్చామని చెప్పాడు. "ఇల్లు చూడ్డానికొచ్చినామమ్మా. అమ్మకానికి ఉందంట కదా."

"ఎవురు చెప్పినారు?"

"ఓనరే. ఎడ్విన్ అని. వాళ్ళమ్మ పోయింది, ఇల్లు ఆయన పేరు మీదికి వస్తాంది, అమ్మి మా లెక్క కడతానన్న్యాడు." లెక్క అంటే ఆ పక్క డబ్బు. "మీరు బాడిగకుండారా?"

"ఉండా" అంది నిర్మలమ్మ. "శానా ఏండ్ల నుంచీ."

భోజనానికి ఇంటికొచ్చిన ఎడ్విన్ వంటింట్లోంచి బయటికి వచ్చాడు. ఉమైర్ వాణ్ణి చూశాడు, ఆమెను చూశాడు, గోడ మీద ఆమె ఫోటో చూశాడు. తెలివైన కుర్రవాడు, మళ్ళీ చెప్పించుకోలేదు.

"అయితే మా లెక్క?"

"వాడియ్యాల. వాని దగ్గర ఏమీ ల్యా, కావాలంటే జేబులు చూడు. ఈ ఇల్లు నాది, నేనియ్యను. వాని మీద చెయ్యి పడితే పక్క వీధిలోనే స్టేషనుంది, నేనే నడిచి పోతా. ఈ బాకీ దేనికైందో ఆడ చెప్పేదానికి నీకు ఇబ్బంది ల్యాకపోతే, నాకూ ల్యా. నీళ్ళు తాగి పోండి."

వాళ్ళు నీళ్ళు తాగి పోయారు. తర్వాత కూడా వచ్చారు, వీధి చివర నిలబడ్డారు, షాపు దగ్గరికి పోయి కేకలేశారు. ఆమె అదే మాట చెప్పింది. కొన్నాళ్ళకు రావడం మానేశారు. ఎందుకు మానేశారో తెలియదు. ఇంతకంటే సులువైన ఇండ్లు దొరికి ఉంటాయి.

ఆ మొదటి రోజు మాత్రం, బైకు చప్పుడు దూరమయ్యాక, నిర్మలమ్మ వంటింటి గడప మీద కూర్చుండిపోయింది.

"ఇది చెప్పలేదు నువ్వు" అంది.

"నోరు రాలా మా."

"జియావుల్లా కాడ నన్ను సంపినప్పుడు ఏడ్సినావంట. వీళ్ళకు చెప్పేటప్పుడు కూడా ఏడ్సినావా?"

ఎడ్విన్ అబద్ధం చెప్పవచ్చు, కానీ చెప్పలేదు. "ల్యా. వీళ్ళకు చెప్పేటప్పుడు రేటు చెప్పినా."

నిర్మలమ్మ లేచి పోయి పట్టపగలే ముసుగు పెట్టి పడుకుంది. రోగాలన్నీ విన్నప్పుడు రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి. గర్భసంచి, కిడ్నీలు, గుండె, ఏదంటే అది వాడుకోనీ అనుకుంది, కన్నవాడే గదా. కానీ తను లేని ఇంటికి వాడు గజాల లెక్క కట్టి ఉంచాడు. సాయంత్రం ఎడ్విన్ అన్నం వండాడు. పలుకుగా ఉంది, అడుగంటింది కూడా. ఆమె లేచి కూర్చుని మాట్లాడకుండా తింది. పెట్టుకున్నదంతా వాడూ తిన్నాడు.

తర్వాతి వారం ఆమె రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి వీలునామా రాయించింది. ఇల్లు తన తర్వాత మనవరాలు జెమీమాకు. పాప పెద్దదయ్యేదాకా పెత్తనం సుజాతది. వచ్చి ఎడ్విన్‌కు చెప్పింది.

"ఇంగ నేను సచ్చినా నీకేమీ రాదు."

ఎడ్విన్ చేతిలో ఉన్న రాగి తీగ చుట్టను పక్కన పెట్టాడు. "మంచిపని చేసినావు మా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. బరువు దించినవాడి గొంతులా ఉంది. ఆ రోజు నుంచి వాడికి మాత్ర లేకుండా నిద్ర పట్టడం మొదలైంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయారు. సుజాత తండ్రి తిమోతి రిటైరైన హిందీ పండిట్. వరండాలో పేపరు చదువుతున్నవాడు, గేటు తీసుకుని చకచకా నడిచి వస్తున్న వియ్యపురాలిని చూసి లేచి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నడుస్తాండావే! ఈ పొద్దు డయాలసిస్ లేదా?"

"ఏ పొద్దూ లేదన్నా."

ఎడ్విన్ చెప్పాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు. తిమోతి విని విని కుర్చీలో కూలబడ్డాడు. మొదట అల్లుణ్ణి తిట్టాడు. తర్వాత నిర్మలమ్మ వైపు తిరిగి, "నేను రాకపోవడం తప్పే. కానీ ఇన్ఫెక్షన్ అన్న్యాడమ్మా" అన్నాడు.

"నాకు తెలుసన్నా. దానికేం అనుకోలేదు" అంది నిర్మలమ్మ. కొంచెం అనుకుంది.

సుజాత తలుపు దగ్గర నిలబడి అంతా వింది. తండ్రి ఏడాదిగా డబ్బులిస్తున్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎవరికీ చెప్పొద్దని అల్లుడు బతిమాలినందుకు ఆయన ఆమె దగ్గర దాచాడు. ఆమె ఎడ్విన్‌ను ఒక్క మాట అనలేదు. అత్త వైపు చూసింది.

"రెండు తూర్లు మీరు అప్పు తీర్చినప్పుడు నన్ను అడిగినారా అత్తా?"

అడగలేదని నిర్మలమ్మ తల అడ్డంగా ఊపింది.

"తీర్చొద్దని చెప్పేదాన్ని. మొదటి తూరి తీర్చినాక ఆర్నెల్లు నాతో నవ్వుతా మాట్లాడినాడు. అప్పు పోయినందుకు అనుకున్న్యా. కాదు, మల్ల ఆడేదానికి దోవ దొరికినందుకు. మీకు మీ కొడుకు ఇంట్లో ఉంటే చాలు. నాకు తెల్లారితే ఏ వస్తువు ఉందో, ఏది పోయిందో చూసుకోవాల్సి వచ్చేది."

"అవునమ్మా" అంది నిర్మలమ్మ.

వీలునామా కాపీ సుజాత చేతికిచ్చింది. సుజాత చదివి, బీరువాలో పెట్టడానికి లోపలికి పోయి, చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కండ్లు కడుక్కున్నట్టున్నాయి. ఎడ్విన్‌తో అంది: "నేను ఇప్పుడు రాను. ఎప్పుడొస్తానో నన్ను అడగొద్దు. పాప నిన్ను అడుగుతాంది. ఆదివారాలు వచ్చి చూసి పో. ఉట్టి చేతుల్తో రా. ఏమన్నా తెస్తే, అది యాన్నుంచి వచ్చిందోనని నేను ఆలోచన చెయ్యాల."

అలా ప్రతి ఆదివారం ఎడ్విన్ ఉట్టి చేతులతో పులివెందులకు పోయి రావడం మొదలైంది. జెమీమా నాన్నతో స్కూలు సంగతులు చెప్పేది. ఎక్కాలు అప్పజెప్పేది. తిమోతి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు, కానీ వరండాలోనే కూర్చునేవాడు.

వేసవిలో క్రికెట్ సీజను వచ్చింది. టీకొట్లలో, సెలూన్లలో, వైండింగ్ షాపులో అదే మాట. ఎడ్విన్ భోజనానికి ఆలస్యంగా రావడం, పిలిస్తే ఉలిక్కిపడడం నిర్మలమ్మ గమనించింది. ఒక శనివారం సాయంత్రం వచ్చి టేబుల్ ముందు నిలబడ్డాడు. టేబుల్ మీద ఏమీ పెట్టలేదు.

"పోయింది మా. షాపులో వేరేవాని ఫోన్లో ఆడినా. ఈ వారం కూలి మొత్తం."

నిర్మలమ్మ బియ్యం ఏరుతూ ఉంది. చేతులు ఆగాయి. "ఎవురి దగ్గరన్నా తీసుకున్న్యావా?"

"ల్యా."

"ఎవురికన్నా నన్ను గురించి ఏమన్నా చెప్పినావా?"

"ఎవురికీ ఏం చెప్పలా. నీకే చెప్తాండా."

ఆమెకు చెంప మీద కొట్టాలనిపించింది, తల మీద చెయ్యి పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "కాళ్ళు కడుక్కో. అన్నం తిందువు" అంది. తర్వాత, "సోమవారం డాక్టరమ్మకు చెప్పు. ఈ వారం కలమల్లకు కట్టేదానికి దుడ్లు లేవు కదా, జియావుల్లాకు కూడా చెప్పాల."

"ఫోన్ చేస్తా."

"ఫోన్లో చెప్పేది కాదు అది."

ఎడ్విన్ ఆమె వైపు చూశాడు. "వస్తావా?"

నిర్మలమ్మ బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "రాను" అంది.

ఆదివారం పులివెందులలో సుజాతకు కూడా వాడే చెప్పుకున్నాడు. ఆమె ఏమీ అనలేదంట, వచ్చే ఆదివారం రావద్దని కూడా అనలేదంట. సోమవారం పొద్దున డాక్టరు దగ్గరికి పోయి, అటు నుంచి కలమల్లకు పోతానని ఒక్కడే బయల్దేరాడు. నిర్మలమ్మ బస్సు ఛార్జీకి సరిపడా ఇచ్చింది. వాడు పోయాక ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికింది. మధ్యాహ్నం అన్నం గిన్నె దించుకుని కూర్చుంది, తినబుద్ధి కాలేదు. వాడు బస్సు మారేది ప్రొద్దుటూర్లో. ఉమైర్ ఉండేది ప్రొద్దుటూర్లో. ఫోను చెయ్యవచ్చు. చెయ్యలేదు.

పొద్దు వాలక ముందే ఎడ్విన్ వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. చెప్పులు విడిచి, నీళ్ళు ముంచుకుని తాగాడు.

"తిన్న్యావా?" అని అడిగింది.

"ఆ. జియావుల్లా మామ పెట్టినాడు."

"ఏమన్న్యాడు?"

"తిట్టినాడు."

"ఎంతసేపు?"

"తినేంత సేపూ. మల్ల చారు పోసి, అది తాగేంత సేపు."

నిర్మలమ్మ లేచి తన కంచంలో అన్నం పెట్టుకుంది.